ఒత్తైన రింగుల జుట్టుకి 1940ల విక్టరీ రోల్స్: లోపల తడి ఆరదు, దువ్వితే చీపురు, రోల్స్ జారిపోతాయి

ఉంగరాలపాప:

జుట్టు వివరాలు ముందే రాస్తున్నా, లేకపోతే అందరూ అవే అడుగుతారు. రింగు లావు స్కెచ్ పెన్నంత. తడి మీద లాగితే నడుం పైదాకా వస్తుంది, ఆరాక భుజాల దగ్గరికి ముడుచుకుపోతుంది. ఒత్తు ఎంతంటే మామూలు రబ్బరు బ్యాండు రెండు చుట్లకే బిగుసుకుపోతుంది. రంగు, స్ట్రెయిటెనింగ్, కెరటిన్ లాంటివేవీ చేయించలేదు. ఉండేది విశాఖ. వాడేది బోరు నీళ్ళు.

కావాల్సింది 1940ల అమెరికన్ తరహా: ముందు రెండు విక్టరీ రోల్స్ (నుదుటి పైన గొట్టంలా చుట్టి నిలబెట్టేవి), వెనక భుజాల మీద మెత్తటి అలలు. ఫంక్షను ఆగస్టు ఆఖర్లో, సాయంత్రం. ఐదారు గంటలు నిలబడాలి.

వీడియోలు చూసి ట్రయల్‌గా చేసింది: తలస్నానం, లీవ్-ఇన్ కండిషనర్ (రాసి కడగకుండా వదిలేసేది), దాని మీద జెల్, తడి జుట్టుకే 30 పిన్ కర్ల్స్ (పాయ పాయగా చుట్టి తలకి ఆనించి పిన్ను పెట్టే చుట్లు), రాత్రంతా స్కార్ఫు. పొద్దున విప్పితే వేళ్ళకి తడి తగిలింది. దువ్వితే కొబ్బరి చీపురు. రోల్స్ గంటకల్లా చెవుల మీదికి జారాయి.

ఆరడానికి ఏం చేయాలి, చీపురు కాకుండా ఎలా దువ్వాలి, రోల్స్ ఎలా నిలబెట్టాలి? స్ట్రెయిటెనర్ పెట్టడం తప్ప వేరే దారి ఉంటే చెప్పండి.

పాపిడిపిన్ను:

మూడిటికీ మూలం ఒకటే. ఆ వీడియోలన్నీ సాఫీ జుట్టు కోసం తీసినవి. సాఫీ జుట్టుకి రింగు ఉండదు కాబట్టి పిన్ కర్ల్ దానికి రింగు పెడుతుంది. మీకు రింగులు ముందే ఉన్నాయి, అదీ ఒక్కోచోట ఒక్కో సైజులో: నుదుటి దగ్గర వదులు, మెడ మీద బిగుతు, నడినెత్తిన దాదాపు సాఫీ. వీటన్నిటినీ ఒకే సైజుకి తేవడమే మీ విషయంలో సెట్టింగ్ అంటే. అందుకని ముందు సాగదీయాలి, ఆ తర్వాతే చుట్టాలి. తడి మీద నేరుగా చుడితే లోపల పాత రింగు అలాగే ఉంటుంది, పైన కొత్త వంపు పడుతుంది. దువ్వగానే రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మీరు చూసిన చీపురు అదే.

తడి సంగతి. వెంట్రుకలోని కెరటిన్ ప్రోటీన్‌లో హైడ్రోజన్ బంధాలు నీళ్ళు తగిలితే విడిపోతాయి. ఆరేటప్పుడు వెంట్రుక ఏ వంపులో ఉంటే ఆ వంపుకే మళ్ళీ కట్టుకుంటాయి. ముప్పాతిక వంతు ఆరినప్పుడు పిన్ను తీశారంటే మిగతా పావు వంతు మీ చేతిలో, మీ కళ్ళ ముందే తన సొంత రింగుకి పోతుంది. ఇందులో కొంచెం ఆరడం అనేది లేదు. పూర్తిగా ఆరాలి, అంతే.

అందుకే పనిని రెండుగా విడగొట్టండి.

ఫంక్షనుకి ముందురోజు పొద్దున తలస్నానం. కండిషనర్ ఉండగానే పళ్ళు వెడల్పుగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసేయండి. కడిగాక పాత నూలు టీషర్టుతో ఒత్తండి, తువ్వాలుతో రుద్దొద్దు. తల ఎనిమిది పాయలు చేసి ఒక్కో పాయనీ కుదుళ్ళ దగ్గర నుంచి కాస్త బిగువుగా రెండు పాయల మెలిక పెట్టి, కొసన చిన్న బ్యాండు వేయండి. మూడు పాయల జడ కూడా సాగదీస్తుంది కానీ దాని ముడతలు వేరే పడతాయి, వాటిని మళ్ళీ పోగొట్టుకోవాలి. సాయంత్రం దాకా ఫ్యాను కింద ఆరనివ్వండి. విప్పేసరికి జుట్టు ముప్పావు పొడవుకైనా సాగి ఉండాలి. స్ట్రెయిటెనర్ చేసే పనిలో మీకు కావాల్సిన భాగం ఇక్కడే అయిపోతుంది.

సాయంత్రం పిన్ కర్ల్స్. ఇప్పుడు తల తడపకండి. చుట్టబోయే పాయని మాత్రమే స్ప్రే సీసాతో తడపండి. చేత్తో పట్టుకుంటే చల్లగా ఉండాలి, పిండితే చుక్క రాకూడదు. పాయ అడుగు రెండున్నర సెంటీమీటర్ల చదరం. మెడ దగ్గర మూడు దాకా పోవచ్చు, అంతకన్నా వద్దు. ఈ లెక్కన మీ ఒత్తుకి 50 నుంచి 60 అవుతాయి. మీరు 30కి సరిపెట్టారు కాబట్టి ఒక్కో చుట్ట లోపల దారపు ఉండలా బిగిసిపోయి గాలి ఆడలేదు.

చుట్టు వెడల్పు: రెండు వేళ్ళు లోపల పట్టేంత, దాదాపు మూడున్నర సెంటీమీటర్లు. సాఫీ జుట్టువాళ్ళు దీనికన్నా చిన్నగా చుడతారు, వాళ్ళది దువ్వాక వదులవుతుంది కాబట్టి. మీది దువ్వాక బిగుస్తుంది. పెద్దగానే చుట్టండి. కొస చుట్టు లోపలికి ఒదిగి ఉండాలి. బయట పొడుచుకొస్తే అది గేలపు ముల్లులా వంగి ఆరిపోతుంది, ఏ పొమేడుకీ (జుట్టుని నున్నగా పట్టి ఉంచే చిక్కటి క్రీము) లొంగదు. మీది పొడవు జుట్టు కాబట్టి కొస నుంచి మొదలుపెట్టి కుదురు వైపుకి చుట్టుకుంటూ రండి. చుట్టు తలకి ఆనేసరికి బల్లపరుపుగా పడుకోవాలి, మధ్యలో మెలిక పడకూడదు. రెండు బాబీ పిన్నులు అడ్డంగా, నిలువుగా పెట్టి బిగించండి. పిన్నులో అలలా ఉన్న వైపు తల వైపుకి రావాలి. కొసన ప్లాస్టిక్ బొట్టు ఊడిపోయిన పిన్నులు తీసి పారేయండి, అవి నెత్తిని గీస్తాయి. పెచ్చు లేచినవి తడికి తుప్పు పట్టి మరకలు చేస్తాయి.

దిక్కు ముఖ్యం. చెవుల మీదుగా వెనక్కి పోయే మొదటి వరస అంతా గడియారం ముల్లు తిరిగే వైపు చుడితే, దాని కింది వరస ఎదురు వైపు. అల పడేది ఈ ఎదురెదురు వరసల వల్లే. అన్నీ ఒకే వైపు చుడితే అల రాదు, గొర్రె ఉన్నిలా వస్తుంది. అడుగు రెండు వరసలు మాత్రం రెండూ లోపలికి, మెడ వైపు.

ఆరబెట్టడం. ఆగస్టులో మీ ఊరి గాలి దేన్నీ ఆరనివ్వదు, రాత్రంతా ఉంచినా సరే. ఏసీ ఉన్న గదిలో పడుకుంటే సగం పని అవుతుంది, అది గాలిలో తేమ లాగేస్తుంది. లేదంటే హెయిర్ డ్రయ్యర్ గొట్టానికి తగిలించే గుడ్డ టోపీ దొరుకుతుంది. మధ్యస్థ వేడి మీద 40 నిమిషాలు, ఆపేశాక చల్లారడానికి ఇంకో 20 నిమిషాలు. వేడిగా ఉన్నప్పుడు విప్పొద్దు. చూడ్డానికి మెడ దగ్గరి చుట్టు ఒకటి విప్పి పై పెదవికి ఆనించండి. చల్లగా తగిలిందా, ఇంకా తడి ఉన్నట్టే. మళ్ళీ చుట్టి పిన్ను పెట్టండి.

పాపిడిపిన్ను:

పైది పొడుగైపోయింది, దువ్వడం గురించి విడిగా.

రింగుల జుట్టువాళ్ళకి ఎవరైనా మొట్టమొదట నేర్పేది ఆరిన జుట్టు దువ్వొద్దని. ఇక్కడ ఆ నియమం పక్కన పెట్టాలి. 1940ల అల వచ్చేదే దువ్వడంలో. పిన్నులు తీసి వేళ్ళతో విడదీసి వదిలేస్తే అది పిన్ కర్ల్‌గానే ఉంటుంది, అల అవదు.

అరచేతిలో బఠాణీ గింజంత పొమేడు కరిగించి ముందు కొసలకి రాయండి. కుషన్ బ్రష్‌తో మెడ దగ్గర అడుగు పొర నుంచి మొదలుపెట్టి పైకి రండి. రెండు నిమిషాల్లో తల మేఘంలా లేస్తుంది. సగం మంది ఇక్కడే భయపడి నీళ్ళు చల్లుకుంటారు, పనంతా పాడు చేసుకుంటారు. ఆగకండి. ఇంకో ఐదారు నిమిషాలు, బ్రష్ వెనకాలే ఇంకో అరచేయి ఆనించి నిమురుతూ దువ్వండి. అలలు వాటంతటవే ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. అప్పుడు పంది వెంట్రుకల బ్రష్ ఉంటే పై పొర మీద మాత్రం నున్నగా లాగండి. అల లోయ ఎక్కడ పడిందో అక్కడ డక్ బిల్ క్లిప్పు (బాతు ముక్కులా ఉండే పొడుగు క్లిప్పు) పెట్టి పది నిమిషాలు ఉంచితే గీత తేలుతుంది.

పది నిమిషాలు దువ్వినా మేఘం మేఘంలానే ఉంటే కారణం రెండిట్లో ఒకటి: లోపల తడి, లేదా సాగదీయకుండా చుట్టడం. దానికి పొమేడు మందు కాదు.

అవిసెజెల్లు:

ముందు మీరు రాసుకున్నవాటి సంగతి చెప్పాలి. లీవ్-ఇన్ మీద జెల్ అనేది రింగులు రింగులుగా ఉంచుకునేవాళ్ళ పద్ధతి. ఆ జెల్ ఆరాక గట్టి పొరలా పట్టాలి, తర్వాత చేత్తో నలిపి మెత్తబరుస్తారు. దాని మీద బ్రష్ పెడితే పొర పగిలి తెల్ల పొట్టు రాలుతుంది, పైగా చుండ్రు అనుకుంటారు. దువ్వే సెట్టుకి పల్చటి సెట్టింగ్ లోషన్ కావాలి, లేదా నురగలా వచ్చే మూస్. మూస్ అయితే తల నాలుగు భాగాలు చేసుకుని ఒక్కో భాగానికీ చిన్న నిమ్మకాయంత. లీవ్-ఇన్ అసలు వద్దు, లేదా కొసలకి మాత్రమే. అది కుదుళ్ళకి పడితే చుట్టు ఆరడానికి గంటలు ఎక్కువ పడుతుంది, పిన్ను కూడా జారుతుంది.

కొనేటప్పుడు సీసా వెనక చదవండి. గ్లిజరిన్ మొదటి నాలుగైదు పేర్లలో ఉంటే విశాఖకి పనికిరాదు. గాలిలో తేమని అది వెంట్రుకలోకి పిలుస్తుంది. పీవీపీ (పట్టు కోసం కలిపే పాలిమర్) ఒక్కటే ఉన్న లోషన్ కూడా తేమకి మెత్తబడి జిగటగా అవుతుంది. వీపీ/వీఏ కోపాలిమర్ అని ఉంటే తేమకి ఎక్కువ ఓర్చుకుంటుంది.

ఇంట్లో చేసుకుంటామంటే అవిసె గింజలు పావు కప్పు, నీళ్ళు రెండు కప్పులు. మధ్య మంట మీద కలుపుతూ ఉండండి, మరుగు పట్టాక ఏడెనిమిది నిమిషాలు. గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగాలి, అప్పుడే దించేయాలి. ఇంకో రెండు నిమిషాలు ఉంచారంటే అది గుడ్డలోంచి దిగదు. వేడిగా ఉండగానే పాత నైలాన్ సాక్సులో పోసి పిండండి. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, పులుపు వాసన రాగానే పారబోయాలి. పిన్ కర్ల్స్‌కి ఇది నేరుగా వాడొద్దు. 150 మిల్లీలీటర్ల నీళ్ళలో రెండు టీస్పూన్లు కలిపి స్ప్రే సీసాలో పోసుకోండి. చిక్కగా ఉంటే పొట్టు రాలే తంటా మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇది కొత్త తెలివేం కాదు. ఆ కాలపు సెట్టింగ్ లోషన్లు చాలావరకు క్విన్సు గింజల జిగురు, ట్రాగకాంత్ బంక లాంటివాటితోనే చేసేవాళ్ళు. ఏరోసాల్ డబ్బాలో హెయిర్ స్ప్రే రావడం 1940ల చివర్లో. అంటే మీరు ఫొటోల్లో చూసే యుద్ధకాలపు తలలన్నీ దాదాపుగా స్ప్రే లేకుండా, మంచి సెట్టు మీద నిలబడినవే.

కొబ్బరిమట్ట:

అంత కష్టం దేనికండీ, పంచదార నీళ్ళు రాసి చుడితే రాయిలా నిలబడుతుంది. మీద కొంచెం కొబ్బరినూనె.

అవిసెజెల్లు:

పొడిగాలి ఊళ్ళో, శీతాకాలంలో అయితే నిలబడుతుంది. సముద్రం పక్కన పంచదార తేమ పీల్చుకుని పాకం అవుతుంది, చీమలకి కూడా అడ్రసు తెలుస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మన వాతావరణంలో చలికాలం తప్ప అది నీళ్ళే. మెరుపు ఇస్తుంది కానీ పట్టు ఇవ్వదు, పిన్నుల్ని జారుస్తుంది. నూనె పెట్టాలంటే తలస్నానానికి ముందు రాత్రి పెట్టి కడిగేయండి. పట్టు కోసం మైనం ఉన్న పొమేడు వాడాలి.

సవరంసుబ్బులు:

విక్టరీ రోల్స్ నాకు వదిలేయండి.

మీ రోల్ జారడానికి కారణం పిన్నులు తక్కువై కాదు. చాలా జుట్టు తీసుకున్నారు, అదీ కింద నుంచి తీసుకున్నారు. రోల్ ఎప్పుడూ తన అడుగు మీద తాను కూర్చోవాలి. చెవి దగ్గరి జుట్టు కూడా కలిపి నెత్తి మీద చుట్టాలని చూస్తే ఆ కింది జుట్టు రోల్‌ని కిందకి గుంజుతూనే ఉంటుంది. కనుబొమ్మ కొస నుంచి వెనక్కి అడ్డంగా ఒక పాపిడి తీయండి. దాని కింద ఉన్నదంతా వెనక్కి పోతుంది. దాని పైన, నుదుటి అంచు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతు మాత్రమే రోల్‌కి. మీలాంటి ఒత్తుకి అదే ఎక్కువ. మిగతాది వెనక అలల్లో కలిపేయండి.

ఈ ముందు పాయలకి పిన్ కర్ల్స్ వేయొద్దు. రాత్రి నాలుగు సెంటీమీటర్ల స్పాంజి రోలర్లు రెండు వైపులా రెండేసి పెట్టుకోండి. విప్పాక పాయ నున్నగా, కొస వంగి ఉంటుంది. అంతకన్నా ఏం కావాలి.

ఇక కట్టడం. పాయ కుదురు దగ్గర, తల చర్మానికి ఆనేలా రెండు బాబీ పిన్నులు కత్తెరలా దూర్చండి. ఇది పునాది. తర్వాత పెట్టే పిన్నులన్నీ వీటిలోకి దూరి ఇరుక్కోవాలి. వట్టి జుట్టులో గుచ్చిన పిన్ను ఒత్తు జుట్టులో అరగంట కూడా ఉండదు. పాయని నిటారుగా పైకి ఎత్తి, ముఖం వైపు ఉండబోయే పక్కకి కొంచెం పొమేడు పూసి నున్నగా దువ్వండి. లోపలి పక్క దువ్వొద్దు. సాఫీ జుట్టువాళ్ళు ఇక్కడ దువ్వెనతో వెనక్కి తోసి టీజ్ చేస్తారు, మీ జుట్టుకి ఆ గరుకు సహజంగానే ఉంది. అవసరమైతే కుదురు దగ్గర రెండు తోపులు, అంతకు మించి వద్దు. టీజింగ్ అంటే వెంట్రుక పొలుసుల్ని ఎదురు దువ్వడం. రింగు వంపు దగ్గర వెంట్రుక అసలే బలహీనం, అక్కడే తెగుతుంది.

మీ పొడవుకి కొస నుంచి చుట్టుకుంటూ వస్తే రోల్ కాదు, తలగడ అవుతుంది. కొస వదిలేయండి. కుదురు నుంచి ఒక జానెడు దూరంలో పాయని రెండు వేళ్ళ మీద వేసి, లోపలి వైపుకి ఒకటిన్నర చుట్టు తిప్పి, రోల్‌ని పునాది మీద కూర్చోబెట్టండి. మిగిలిన తోక రోల్ వెనక గొట్టంలోంచి బయటికి వచ్చి వెనక జుట్టులో కలుస్తుంది. పిన్నులు రోల్ లోపలి నుంచి: ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి, కింద ఒకటి. మూడూ పునాది పిన్నుల్ని తగలాలి. తర్వాత రెండు వైపులా అంచులు వేళ్ళతో కాస్త లాగి వెడల్పు చేస్తే ముందు నుంచి చూడ్డానికి గుండ్రటి గొట్టం కనిపిస్తుంది. బాబీ పిన్నులు మొత్తం పది పన్నెండు, యూ పిన్నులు నాలుగు. పూలు పెట్టుకోవడానికి వాడే యూ పిన్నులే. ఒత్తు జుట్టుని నొక్కకుండా పట్టేది అదే.

తల ఇటూ అటూ విదిలించి చూడండి. కదిలితే ఇంకో పిన్ను గుచ్చకండి, విప్పి పునాది మళ్ళీ వేయండి.

సవరంసుబ్బులు:

ఇంకో మాట, వెనక భాగం గురించి. 1940ల్లో తల ఇంత పొడవు ఉండేది కాదు. చాలామందిది భుజాల దాకా, లోపల యూ ఆకారంలో మెట్లు మెట్లుగా కత్తిరించి ఉండేది. అమెరికన్ సైన్యంలో పనిచేసే ఆడవాళ్ళకైతే జుట్టు కాలరుకి తగలకూడదన్న నిబంధన ఉండేది. ఒక కంటి మీద జుట్టు జార్చుకునే హాలీవుడ్ నటి వెరోనికా లేక్ కూడా యుద్ధకాలంలో ప్రభుత్వం అడిగితే ఆ స్టైలు మార్చి జుట్టు ఎత్తి కట్టుకుంది. ఫ్యాక్టరీల్లో ఆమెని అనుకరించే అమ్మాయిల జుట్టు యంత్రాల్లో చిక్కుకుంటుందన్న భయం. పొడవు, ఒత్తు ఉన్నవాళ్ళు అప్పట్లో ఏం చేసేవాళ్ళంటే, క్రోషా జాలీ సంచి, స్నూడ్ అంటారు, దాంట్లో వెనక జుట్టంతా వేసేసి ముందు రోల్స్ మాత్రమే కట్టుకునేవాళ్ళు.

మీకు నా ఓటు స్నూడ్‌కే. వెనక రింగులు రింగులుగానే ఉండనివ్వచ్చు, 60 పిన్ కర్ల్స్ బాధ తప్పుతుంది, తేమకి ఎంత ఉబ్బినా సంచి లోపలే. పాపిడిపిన్ను గారు ఒప్పుకోరని తెలుసు.

అలలే కావాలంటే పొడవు దాచాలి. మెడ దగ్గరి అడుగు పొర రెండు వదులు జడలుగా అల్లి, తలకి అడ్డంగా పరిచి యూ పిన్నులు పెట్టేయండి. పై పొరల అలలు దాని మీద పడనిచ్చి, కొసలు లోపలికి మడిచి ఆ జడలకే పిన్ను చేయండి. భుజాల మీద ఆగినట్టు కనిపిస్తుంది. ఒత్తు కూడా మూడో వంతు తగ్గుతుంది.

ఆ రోజుల్లో వాళ్ళు రోల్స్ లోపల పెట్టుకునే ఉండలు, రాలిన జుట్టుని జాలీలో చుట్టి చేసుకున్నవి. మన ఇళ్ళలో రాలిన జుట్టు దాచి సవరం కట్టించుకున్నట్టే. మీకు ఉండ అక్కర్లేదు. పల్చటి జుట్టువాళ్ళు ఇది చదువుతుంటే మాత్రం, పాత సవరం ముక్క మీద హెయిర్ నెట్ చుట్టి వాడుకోండి, బజారు స్పాంజి డోనట్ కన్నా పిన్నులు బాగా పడతాయి.

పాపిడిపిన్ను:

స్నూడ్‌కి నేనేం విరోధిని కాదు. ఆవిడ అడిగింది అలలు కాబట్టి అలలు చెప్పాను. జడలు అడుగున దాచడం మంచి మాట. అలా అయితే ఆ అడుగు పొరకి పిన్ కర్ల్స్ మానేయొచ్చు, 60 కాస్తా 40కి దిగుతాయి, ఆరడం కూడా త్వరగా అవుతుంది. నా లెక్క సవరించుకోండి.

ఉంగరాలపాప:

రెండో ట్రయల్ చేశాను. మెలికలు వేసి సాగదీసి, 42 పిన్ కర్ల్స్, గుడ్డ టోపీ 45 నిమిషాలు. రోల్స్ నాలుగు గంటలు కదల్లేదు, సుబ్బులు గారికి దండం. కుడి వైపు అల ఫొటోలో చూసినట్టే వచ్చింది. ఎడమ వైపు మాత్రం ఉన్ని. మూస్ వాడాను, అయినా కొసల్లో కొంచెం తెల్ల పొట్టు. ఇంకోటి, మర్నాడు చిక్కు తీయడానికి ప్రాణం పోయింది.

పాపిడిపిన్ను:

ఎడమ వైపు వరసల దిక్కు మీకు తెలియకుండానే మారి ఉంటుంది. కుడిచేతి వాటం వాళ్ళకి ఎడమ పక్క కూడా అదే చేతి తిప్పుతో చుట్టడం అలవాటు. అద్దంలో చూస్తూ చేస్తే ఇంకా తికమక. తలని రెండు సగాలుగా అనుకుని, ఒక్కో సగానికీ పై వరస ముఖం నుంచి దూరంగా తిరిగేట్టు, కింది వరస ముఖం వైపు తిరిగేట్టు అని పెట్టుకోండి. కుడి, ఎడమ అని గుర్తుపెట్టుకోవద్దు. దిక్కులన్నీ సరిగ్గానే ఉంటే, పడుకున్న పక్క నలిగి ఉంటుంది.

పొట్టు: కొసలకి లీవ్-ఇన్ రాశారా? మూస్, లీవ్-ఇన్ రెండూ చెరో చుక్క అరచేతిలో వేసి రుద్ది చూడండి. విరిగిన పాలలా గింజలు కడితే ఆ రెండూ కలవవు, తల మీదా అంతే. లీవ్-ఇన్ బ్రాండు మార్చండి, మూస్ బాగానే ఉంది కదా.

కుంకుడుకాయ:

చిక్కు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే సెట్టు వేయడం కన్నా తీయడంలోనే జుట్టు ఎక్కువ పోతుంది.

పిన్నులన్నీ లెక్కపెట్టి తీయండి. ఎన్ని పెట్టారో రాసుకుంటే మంచిది, ఒత్తు జుట్టులో ఒకటి మిగిలిపోతే దువ్వెన దాన్ని పట్టుకునే లాగుతుంది. నీళ్ళు పోసే ముందే, పొడి జుట్టుకే కండిషనర్ ధారాళంగా రాయండి, ఆరు భాగాలకి ఒక్కోదానికీ పెద్ద చెంచాడు. ఇరవై నిమిషాలు ఆగండి. స్ప్రే, పొమేడు మెత్తబడతాయి. టీజ్ చేసిన చోట వేళ్ళతో కొసల వైపు నుంచి విప్పండి, దువ్వెన చివర. ఇది కాకుండా నేరుగా షాంపూ పోసి నెత్తి మీద గుండ్రంగా రుద్దారంటే ఎదురు దువ్విన వెంట్రుకలు అక్కడే ముడిపడిపోతాయి.

మైనం పొమేడు మామూలు తేలిక షాంపూకి పోదు. సెట్టు వేసుకున్న వారం మాత్రం క్లారిఫైయింగ్ షాంపూ (పేరుకున్నవన్నీ వదిలించేది) వాడండి. మీది బోరు నీళ్ళు కాబట్టి కాల్షియం, మెగ్నీషియం కూడా వెంట్రుకకి పట్టి ఉంటాయి, దాని వల్ల కూడా మూస్ సరిగ్గా అంటదు. ఈడీటీఏ (ఈ ఖనిజాల్ని పట్టుకుని వదిలించే పదార్థం) పై వరసల్లో రాసి ఉన్న షాంపూ నెలకొకసారి చాలు. రోజూ వాడితే రింగుల జుట్టు గడ్డిలా అవుతుంది. కుంకుడుకాయ రసం పొమేడు వదిలిస్తుంది, కాదనను, కానీ ఒత్తు రింగుల్లోంచి ఆ పిప్పి తీయడం సెట్టు వేయడం కన్నా పెద్ద పని. వాడితే గుడ్డలో రెండుసార్లు వడకట్టుకుని వాడండి. పేరు ఇది పెట్టుకుని నేనే ఇలా అంటున్నానంటే అర్థం చేసుకోండి.

సెట్టు రెండు మూడు రోజులు నిలుపుకోవాలంటే రాత్రి 60 మళ్ళీ చుట్టక్కర్లేదు. నడినెత్తి నుంచి కిందికి ఎనిమిది పెద్ద చుట్లు, పొడిగానే, మీద పాత పట్టు చీర ముక్క కట్టుకోండి. నూలు దిండు గలీబు తేమ పీలుస్తుంది, రాపిడి కూడా. రోల్స్ మాత్రం ఏ రోజుకారోజు విప్పేయాలి. అవే పిన్నుల మీద పడుకుంటే నుదుటి అంచు జుట్టు తెగుతుంది, అక్కడ మళ్ళీ పెరగడం నిదానం.

కత్తిరింపు గురించి ఎవరూ అనలేదు. ఫంక్షను కోసం పార్లర్‌లో ఒత్తు తగ్గిస్తామని పళ్ళ కత్తెర తీస్తే వద్దని చెప్పండి. మధ్యలో తెగిన పొట్టి వెంట్రుకలు పొడవు వాటిని బయటికి తోస్తాయి, రెండు నెలలకి ఒత్తు పెరిగినట్టే కనిపిస్తుంది. రోల్స్ మీద ఆ పొట్టి కొసలు ముళ్ళలా లేస్తాయి. మెట్లు కావాలంటే ఆరిన జుట్టు మీద, రింగు రింగుగా చూసి కత్తిరించేవాళ్ళ దగ్గరే.

కొబ్బరిమట్ట:

పంచదార వెనక్కి తీసుకుంటున్నాను. మా ఇంట్లో అడుగుతున్నారు: 1960ల మన సినిమా హీరోయిన్ల ఎత్తు కొప్పు రింగుల జుట్టుకి ఇంతకన్నా తేలికా?

సవరంసుబ్బులు:

తేలికే. అక్కడ అల అవసరం లేదు, ఎత్తు, నునుపు చాలు. మెలికలతో సాగదీసిన జుట్టు మీద నెత్తి భాగానికి మాత్రం ఐదు సెంటీమీటర్ల రోలర్లు ఆరు పెట్టండి. విప్పాక నడినెత్తిన నాలుగు వేళ్ళ వెడల్పు పాయ కుదురు దగ్గర టీజ్ చేసి, దాని మీద ముందు పొర నున్నగా కప్పేయండి. వెనక సవరం కలిపి ముడి. రింగుల జుట్టు మీద సవరం పెట్టేటప్పుడు సాఫీ సవరం కొనకండి, అతుకు తెలిసిపోతుంది. చెవి ముందు ఒక రింగు వదిలేయండి, వాళ్ళు దాన్ని చుట్టి అతికించుకోవాల్సి వచ్చేది, మీకు ఉచితం.

ఉంగరాలపాప:

చివరి ప్రశ్న. ఇంటి నుంచి హాలుకి 40 నిమిషాలు, ఆటోలో, వాన పడొచ్చు. రోల్స్ ఇంట్లో కట్టుకుని బయల్దేరాలా?

పాపిడిపిన్ను:

రోల్స్ కట్టుకునే వెళ్ళండి, అలలు మాత్రం దువ్వకుండా పిన్ కర్ల్స్ అలాగే ఉంచి, మీద పల్చటి స్కార్ఫు మూడు మూలలుగా మడిచి మెడ వెనక కట్టుకోండి. రోల్స్ స్కార్ఫు ముందు అంచు బయట ఉండాలి, లోపల పెడితే నలుగుతాయి. వాన పడితే ప్లాస్టిక్ షవర్ క్యాప్, కానీ ఐదు నిమిషాలకి మించొద్దు, లోపల చెమటకి తడుస్తుంది. హాలుకి చేరాక పిన్నులు తీసి దువ్వడానికి పావుగంట. సంచిలో బ్రష్, పొమేడు, డక్ బిల్ క్లిప్పులు నాలుగు, అదనంగా బాబీ పిన్నులు ఒక అట్ట.